కోట లేకుంటే చరిత్ర లేదా?

మేం పన్నెండుమంది హాస్టల్ విద్యార్థులం. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని మాల కన్నమదాసు కథగా ఇరవై నిమిషాల సినిమా తీస్తామన్నాం. కాలేజీ పెద్దలు నవ్వారు. "చారిత్రక చిత్రమంటే మాటలా? కోటలు కావాలి, గుర్రాలు కావాలి, కోట్లు కావాలి. మీ వాడ కష్టాల మీద డాక్యుమెంటరీ తీసుకోండి" అని సలహా పారేశారు.

అయ్యా, ఈ సలహాలోని కులాన్ని మేం గుర్తుపట్టాం. గతం మీది, కష్టం మాది! తెర మీద మేం ఎప్పటికీ నేటి బాధితులుగానే కనపడాలి. నిన్నటి మనుషులుగా కనపడితే మాత్రం ఖర్చెక్కువ!

చరిత్రంటే కోటే అనుకునేవాళ్లకు కోట్లు కావాల్సిందే. 1947లో, మళ్లీ 1966లో 'పల్నాటి యుద్ధం' పేరుతో సినిమాలొచ్చాయి. రెంటిలోనూ నడిమధ్య నిలబడింది బ్రహ్మనాయుడు, నాగమ్మలే. చాపకూడు పెట్టించిన దొరను పొగడనోళ్లు లేరు. ఆ చాప అల్లిందెవరు? ఆ కూడు పండించిందెవరు? సైన్యానికి చెప్పులు కుట్టిందెవరు? ఆ చేతుల్ని చూపడానికి సెట్టింగులెందుకు? తంగేడు చెక్కతో తోలు పదును చేయడం మా ముసలాళ్లనడిగితే చెబుతారు.

డబ్బు లేదన్న వంకతో తప్పులు మాత్రం చెయ్యం. మిరప ఈ దేశానికొచ్చింది పోర్చుగీసువాళ్లు వచ్చాకే. అందుకే గుంటూరు మిరప పండే సీమ కథైనా మా సినిమాలో మిరపకాయ కనపడదు, మిరియాలే నూరతాం. పొగాకు చుట్ట వెలగదు. సర్కారు తుమ్మ, నాగజెముడు, కరెంటు స్తంభం కంటబడకుండా కెమెరాను కిందికి దించి మట్టినీ, కాళ్లనూ, నాగులేటి ఒడ్డునూ చూపుతాం. వేలమంది సైన్యమెందుకు? దివిటీ వెలుగులో పది ముఖాలు, చీకట్లో డప్పు మోత చాలు. 1975లో ఇంగ్లండువాళ్లు తీసిన 'మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్'లో రాజుకూ, అతని వీరులకూ గుర్రాల్లేవు. కొబ్బరిచిప్పలు కొట్టి డెక్కల చప్పుడు చేశారు. లోకం మెచ్చింది. తెల్లోడు చేస్తే తెలివి, మేం చేస్తే లేమా?

అంతదూరం ఎందుకు? వీరవిద్యావంతులు తరతరాలుగా ఈ యుద్ధమంతా గొంతుతోనే నడిపించారు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవం జరుగుతూనే ఉంది. వాళ్లకు ఏ నిర్మాత పెట్టుబడి పెట్టాడు?

ఒక్క మాట మనోళ్లకూ చెప్పాలి. కన్నమదాసును మేం దేవుణ్ని చెయ్యం. దొర కోసం పట్టిన కత్తి వాడ కోసం ఎందుకు లేవలేదన్న ప్రశ్న మా సినిమా చివర నిలబడుతుంది. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోండి. పొగడ్త తీయడానికైతే ఇంత తిప్పలెందుకు?

మీరు డబ్బులివ్వొద్దు. పాత రోలు, మట్టి కుండ, రంగెయ్యని నేత పంచె, ఇంట్లో ఏదుంటే అది నాలుగు రోజులు అరువివ్వండి. తిరిగిస్తాం. మా కథను మాత్రం ఎవరికీ అరువివ్వం.