ఒకే చోట నిలబడి
ఆదివారం పొద్దున ఆరింటికి చార్మినార్ దగ్గర పదిపన్నెండు మంది కెమెరాలు మెడలో వేసుకుని నిలబడి ఉంటారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, అందరి చూపూ ఒకేవైపు. కలిసి తిరుగుతూ ఫొటోలు తీసే ఇలాంటి ఫొటోవాక్‌లు మెళకువలు నేర్పుతాయంటారు గానీ, నాకు అంతకన్నా విలువైనది ఆ పక్కపక్కన నిలబడడమే. బిడియస్తులకు ఎదురుగా కూర్చుని మాట కలపడం కష్టం. ఇక్కడ కళ్లలోకి చూడక్కర్లేదు; "ఐఎస్‌ఓ ఎంత పెట్టారన్నా?" అంటే చాలు, స్నేహం మొదలవుతుంది. నా మొదటి ఆదివారం రెండు గంటల్లో నేను అడిగింది ఆ ఒక్క మాటే. తర్వాత ఇరానీ చాయ్ తాగుతూ ఫొటోలు చూసుకున్నాం. 1591లో కట్టిన అదే కట్టడం, అదే వెలుగు. అయినా ఏ రెండు ఫొటోలూ ఒకటి కాలేదు. అందరూ మినార్లు తీస్తే, నేను పావురాలకు జొన్నలు చల్లుతున్న ముసలాయన చేతులు తీశాను. ఎవరూ మెచ్చుకోకముందే, ఆ తేడా చూసిన క్షణానే నాకంటూ ఓ చూపుందన్న నమ్మకం కలిగింది. పక్కనున్న అక్క నా కెమెరా తెర మీదికి వంగి, "ఈయన ఎక్కడున్నాడు? నాకు కనిపించనే లేదే!" అంది. మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి ఆయన కోసం వెతికాం.