పిట్టల దొరలూ, కాస్త ఆగండి!

చిన్నప్పుడు సంక్రాంతికి మా ఊరికి పిట్టల దొర వచ్చేవాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన కొయ్య తుపాకి. "మా తాత ఒక్క దెబ్బకి ఏడు పులుల్ని కొట్టాడు బాబయ్యా" అని కోతలు కోస్తుంటే మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన తుపాకి ఏనాడూ పేలలేదు, కొయ్యది కాబట్టి. అందుకే ఆయన వల్ల ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

ఇప్పుడు కొత్త రకం పిట్టల దొరలు వచ్చారు. వీళ్ళ తుపాకి మాత్రం పేలుతుంది. వీళ్ళెవరో కాదు, మన బాపతే. పగలు స్టాండప్ కాల్సు, శని ఆదివారాలు ఫామ్‌హౌసు. వీళ్ళ మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. ఇందులో నా మీద నాకున్న కోపం కూడా కాస్త ఉంది, అది కూడా చెప్తాను.

ముందు నా సంగతి. ప్రాజెక్టు పుణ్యమా అని ఏడేళ్ళుగా ఇంగ్లండులో ఉంటున్నాను. మూడేళ్ళ క్రితం మా టీంలో టెస్టింగ్ చూసే ఒక పెద్దాయన "ఆదివారం పనేమైనా ఉందా? మా క్లబ్బుకి రాకూడదూ" అన్నాడు. క్లబ్బంటే ఏ పేకాటో, బిలియర్డ్సో అనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. తీరా చూస్తే ఊరవతల ఒక రైతు పొలం పక్కన చెట్ల తోపు, మోకాలి దాకా బురద, ఒక రేకుల షెడ్డు, అందులో టీ కాగే పాత్ర. షెడ్డు ముందు ఇరవై మంది, సగం మంది రిటైరైనవాళ్ళే, ఎయిర్ రైఫిళ్ళు సర్దుకుంటున్నారు. నా ఇస్త్రీ చొక్కా చూసి ఎవరూ నవ్వలేదు. ఒకాయన తన పాత కోటు తెచ్చి ఇచ్చాడు.

ఆ ఆట పేరు హంటర్ ఫీల్డ్ టార్గెట్. తోపులో అక్కడక్కడా ఇనుప రేకుతో చేసిన ఎలకలు, కాకులు, కుందేళ్ళ బొమ్మలు పెడతారు, మామూలుగా 30. దూరం 8 గజాల నుంచి 45 గజాల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఎంతో ఎవరూ చెప్పరు, కంటితో అంచనా కట్టుకోవాల్సిందే. ప్రతి బొమ్మకీ ఒక గుండ్రటి కన్నం ఉంటుంది, 15 మిల్లీమీటర్ల నుంచి 45 మిల్లీమీటర్ల లోపు. గుండు ఆ కన్నంలోంచి దూరి వెనకున్న మీటకి తగిలితే బొమ్మ పడిపోతుంది, రెండు పాయింట్లు. రేకుకి తగిలితే ఒకటి. తప్పితే గుండు సున్నా. మొత్తం 60కి మొదటిరోజు నాకు వచ్చింది 17. ఇంజనీరింగ్ ఫస్టియర్ మ్యాథ్స్ గుర్తొచ్చింది :-)

ఈ ఆటలో మనలాంటి వాళ్ళకి పిచ్చెక్కించే లెక్క ఒకటుంది. స్కోపు ఒకసారి సెట్ చేసుకున్నాక కోర్సు పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకూడదు. గుండేమో తిన్నగా పోదు, వంపు తిరుగుతూ పోతుంది. దూరం పెరిగితే కిందికి పడుతుందని ఎవరికైనా తెలుస్తుంది. కానీ స్కోపు గొట్టం మీద నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, మరీ దగ్గరి బొమ్మకి కూడా గుండు కిందే తగులుతుంది. అంటే దూరందానికీ పైకి పట్టాలి, బాగా దగ్గరదానికీ పైకే పట్టాలి. మధ్యలో కాస్త మేర మాత్రమే సూటి. పైగా గాలి ఒకటి! ఆకు కదిలిందా, మన లెక్క కూడా కదిలినట్టే. అమావాస్యకీ పున్నానికీ కాదు, నెలనెలా తప్పకుండా వెళ్ళడం మొదలుపెట్టాను.

సరే, అసలు విషయానికొస్తాను. ఆ క్లబ్బులో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది తుపాకి కాదు, తాడు. ప్రతి బొమ్మకీ ఒక తాడు కట్టి, దాని కొస షూటరు పడుకునే చోటు దాకా తెస్తారు. బొమ్మ పడ్డాక దాన్ని లేపడానికి ఎవరూ ముందుకి నడిచి వెళ్ళరు. ఉన్నచోటనే తాడు లాగితే బొమ్మ లేచి నిలబడుతుంది. ఆట జరుగుతున్నంతసేపూ తుపాకి గొట్టానికి ఎదురుగా మనిషన్నవాడు ఉండడు. ఏదైనా అవసరమొచ్చి విజిల్ ఊదితే, గురి ఎంత బాగా కుదిరినా సరే అందరూ ఆగాలి. మన వంతు వచ్చి పెగ్గు దగ్గర కూర్చునేదాకా గుండు ఎక్కించకూడదు. రెండో నెలలో అనుకుంటా, తుపాకి పట్టుకుని పరధ్యానంగా పక్కకి తిరిగాను. డెబ్భై ఏళ్ళాయన గొట్టాన్ని మెల్లగా రెండు వేళ్ళతో నేల వైపు తిప్పి, "టీ తాగుదామా?" అన్నాడు. తిట్టలేదు, క్లాసు పీకలేదు. కానీ ఆ రెండు వేళ్ళు నాకు ఈరోజుకీ గుర్తే.

ఇంకోటి. ఇద్దరిద్దరుగా వెళ్తాం. నా మార్కులు పక్కవాడు వేస్తాడు, పక్కవాడివి నేను వేస్తాను. రేకుకి తగిలిందా, పక్కనుంచి పోయిందా అని సందేహమొస్తే చాలాసార్లు కొట్టినవాడే "లేదు, తప్పింది" అని చెప్పేస్తాడు. ఫ్రెండ్లీ షూట్ అంటే అదీ. మార్కులు పెద్దగా పట్టించుకోరు, పద్ధతి మాత్రం వదలరు.

ఇప్పుడు సీను హైదరాబాదుకి మారుస్తాను. కిందటిసారి సెలవుకి వచ్చినప్పుడు పాత స్నేహితులందరం కలిశాం, చేవెళ్ళ వైపు ఒకడి ఫామ్‌హౌసులో. వాడు కొత్తగా ఎయిర్ రైఫిలు కొన్నాడు. "ఒరేయ్, నువ్వు వస్తున్నావనే తీశాను బయటికి, మీ దొరల ఆట మాకూ వచ్చు" అన్నాడు. గండశిల మీద బీరు సీసాలు వరసగా నిలబెట్టారు. చేతిలో గ్లాసు, భుజానికి రైఫిలు, పక్కన ఫోన్లో వీడియో. సీసా పగలగానే ఈలలు. పగిలినచోట కొత్త సీసా పెట్టేది ఎవరనుకున్నారు? వాచ్‌మన్ కొడుకు. పదేళ్ళుంటాయేమో. పరిగెత్తుకెళ్ళి సీసా పెట్టి, పక్కనున్న చింతచెట్టు వెనక్కి వెళ్ళి నిలబడుతున్నాడు. మళ్ళీ పరుగు, మళ్ళీ సీసా.

నాకు అంతా కనిపిస్తూనే ఉంది. వెనక రాయి ఉంది, సీసం గుండు రాతికి తగిలితే ఎటు తిరుగుతుందో దేవుడికి కూడా తెలీదు. పిల్లాడు గొట్టానికి ముందున్నాడు. కళ్ళజోళ్ళు లేవు. తాగి ఉన్నారు. రెండేళ్ళకి పైగా ప్రతి నెలా నేర్చుకున్నదంతా నాలిక చివర దాకా వచ్చింది. "రేయ్, ఆ పిల్లాణ్ణి ఇటు రమ్మను" అన్నాను. "వచ్చాడండీ ఇంగ్లీషు దొర, హెల్త్ అండ్ సేఫ్టీ ఆఫీసరు!" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వేశాను.

అదిగో, ఆ నవ్వే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. పది నిమిషాల తర్వాత పిల్లాడు చెంప పట్టుకుని కూలబడ్డాడు. గుండు ముక్కో, గాజు పెంకో, ఏదైతేనేం. ఎడమ కంటికి సరిగ్గా వేలెడు కింద తెగింది. మూడు కుట్లు పడ్డాయి. మావాడు వాళ్ళ నాన్న చేతిలో ఐదువేలు పెట్టాడు. ఆ నాన్న తిరిగి దండం పెట్టాడు. మేం ఆస్పత్రి నుంచి వచ్చేసరికి మిగతావాళ్ళు ఇంకో సీసా తెరిచారు, తాగడానికే అనుకోండి.

ఈ సంగతి చెప్తే జనం మూడు రకాలుగా సమాధానం చెప్తున్నారు. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది: "అది ఆటబొమ్మ కదండీ, లైసెన్సు కూడా అక్కర్లేదు." లైసెన్సు అక్కర్లేకపోతే ఆటబొమ్మ అయిపోతుందా? వంటగ్యాసుకీ, నాటుబావికీ లైసెన్సు లేదు, పిల్లల్ని ఆడుకోమని వదిలేస్తామా? నుమాయిష్‌లో బెలూన్లు కొట్టించే తుపాకీ చూసి చూసి మనకి అన్నీ అలాగే కనిపిస్తున్నాయి. ఆ తుపాకి దెబ్బ బెలూనుకే సరిగ్గా తగలదు. ఫామ్‌హౌసులో ఉన్నది అది కాదు.

రెండోది: "ఇంగ్లండులో చట్టాలు కఠినం, అందుకే అక్కడ పద్ధతిగా ఉంటారు." ఇది వింటే నాకు నవ్వొస్తుంది. ఇంగ్లండులో లైసెన్సు లేకుండా ఉంచుకోదగ్గ ఎయిర్ రైఫిలు శక్తి పరిమితి 12 ఫుట్ పౌండ్లు, అంటే సుమారు 16 జౌళ్ళు. మన 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల రైఫిలుకి ఆ పరిమితి 20 జౌళ్ళు. అంటే లైసెన్సు లేకుండా మావాడి చేతిలో ఉండగలిగేది నా చేతిలో దానికంటే బలమైనదే! అక్కడ కొన్ని చట్టాలు గట్టివే, ఒప్పుకుంటాను. 18 ఏళ్ళలోపు వాళ్ళకి అమ్మకూడదు, కారణం లేకుండా బహిరంగ స్థలంలో పట్టుకు తిరగకూడదు, గుండు మన స్థలం హద్దు దాటకూడదు. స్కాట్లండులో అయితే 2016 డిసెంబరు 31 నుంచి మామూలు ఎయిర్ రైఫిలుకి కూడా సర్టిఫికెట్ ఉండాలి. కానీ మా తోపులోకి మూడేళ్ళలో ఒక్క పోలీసు కూడా రాలేదు. నా గొట్టాన్ని నేలకి తిప్పింది పోలీసు కాదు, ఆ పెద్దాయన రెండు వేళ్ళు. చట్టం ఎక్కడ ఆగుతుందో అక్కడ క్లబ్బు మొదలవుతుంది. మన దగ్గర చట్టం ఆగినచోట బీరు మొదలవుతోంది.

మూడోది: "మనకి అలాంటి కల్చర్ లేదు." ఇది పచ్చి అబద్ధం. 2008 బీజింగులో మన దేశానికి మొట్టమొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది ఏ ఆట? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2012 లండనులో అదే ఆటలో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది మన హైదరాబాదులోనే. పిస్టల్ పట్టిన ఈషా సింగ్‌ది హైదరాబాదే. ఆ రైఫిల్ టార్గెట్‌లో పది మార్కుల చుక్క వ్యాసం ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు. ఆ చుక్కని కొట్టే మనుషుల్ని కన్న ఊళ్ళో మనం బండరాయి మీద సీసాలు కొట్టి ఈలలేస్తున్నాం.

నా గొడవంతా ఇక్కడే. మన దగ్గర ఏ ఆటకైనా రెండే మెట్లు: అయితే ఒలింపిక్ మెడలు, లేకపోతే టైంపాస్. మధ్యలో మెట్టు లేదు. నెలకోసారి కలిసి, పద్ధతిగా ఆడి, ఓడిపోయి, టీ తాగి ఇంటికెళ్ళే ఆట లేదు. పిల్లాడికి కాస్త గురి ఉందంటే కోచింగులో పడేస్తాం, లేదంటే "ఎందుకొచ్చిన గోల" అంటాం. పెద్దవాళ్ళం మనకైతే వస్తువు కొనడం తెలుసు, సభ్యత్వం తీసుకోవడం తెలీదు. రైఫిలు క్రెడిట్ కార్డు గీకితే వస్తుంది, రెండు వేళ్ళతో గొట్టం తిప్పే పెద్దాయన రాడు. ఆఫీసులో కోడ్ రివ్యూ లేకుండా ఒక్క లైను ప్రొడక్షన్లోకి పోనివ్వని మనమే, ఫామ్‌హౌసులో మాత్రం రివ్యూ లేకుండా పేల్చేస్తాం. రోల్‌బ్యాక్ ఉంటుందనుకుంటున్నామా?

పిట్టల్ని కొట్టే మహానుభావులకి విడిగా ఒక మాట. నెమలి, రామచిలుక, పాలపిట్ట, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నవే. ఎయిర్ గన్నుతో కొట్టినా అది వేటే, నేరమే. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, రామచిలుకని ఆంధ్రప్రదేశ్ 2018లో రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. దసరాకి పాలపిట్టని చూసి దండం పెట్టి, దీపావళికి దాన్నే గురిచూసే వాళ్ళని ఏమనాలి? నా ఆటలో కూడా కుందేలు బొమ్మలున్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, ఆ ఆట వేటలోంచే పుట్టింది, నాకూ మొదట్లో ఇబ్బందిగానే ఉండేది. కానీ రేకు కుందేలు తాడు లాగితే మళ్ళీ లేస్తుంది.

నిషేధించేయమని నేను అనను. తప్పు తుపాకిది కాదు, మన పద్ధతిది. ఫామ్‌హౌసులున్న బాబులూ, మీ దగ్గర స్థలం ఉంది, డబ్బుంది, శని ఆదివారాలున్నాయి. అభినవ్ బింద్రాకి వాళ్ళ నాన్న ఇంటి ఆవరణలోనే రేంజి కట్టించాడు. మిమ్మల్ని అంత చెయ్యమనడం లేదు. రాయి కాకుండా మెత్తటి మట్టికట్ట వెనకాల పెట్టండి. సీసాలు మానేసి రేకు బొమ్మలో, అట్టలో పెట్టండి. అందరికీ కళ్ళజోళ్ళు. తుపాకి తీస్తే సీసా మూత బిగించండి. ఆ పూట ఒక్క మనిషి తుపాకి ముట్టకుండా విజిల్ పట్టుకుని నిలబడాలి, ఆయన మాటకి తిరుగుండకూడదు. జిల్లా రైఫిల్ అసోసియేషన్ వాళ్ళని అడిగి తెలిసినవాణ్ణి ఒకణ్ణి నెలకోసారి పిలిపించుకోండి. పదిమంది చేరితే అదే క్లబ్బు. ఇంకేం కావాలి?

నేను చెయ్యాల్సింది కూడా ఉంది. ఆ రోజు నవ్వేసినవాణ్ణి, ఇకమీదట నవ్వను. ఈ డిసెంబరులో మళ్ళీ వస్తున్నాను. దొరనన్నా, సేఫ్టీ ఆఫీసరన్నా, పెళ్ళాం చాటు మొగుడన్నా సరే, గొట్టం ముందు పిల్లాడుంటే తుపాకి లాక్కుంటాను. స్నేహం పోతే పోనీ.

ఆ పిల్లాడు బాగానే ఉన్నాడట, చెంప మీద గీత మాత్రం మిగిలిపోయింది. వాడు ఇప్పటికీ ఆ ఫామ్‌హౌసులోనే ఉన్నాడు. తుపాకి కూడా అక్కడే ఉంది. మావాడికి ఫోన్లో ఒకటే చెప్పాను, "ఒరే, ముప్పై గజాల తాడు ఒకటి కొనరా" అని. ఒక రాత్రి మీరు తాగే బీరు ఖర్చు కూడా కాదది. మీ ఫామ్‌హౌసులో సీసాలు పెట్టడానికి పరిగెత్తే పిల్లాడు ఎవడైనా ఉంటే, మీకూ అదే మాట.