మొదట వినేది మేట్రనే

యూనివర్సిటీలో వేధింపుకు గురైన విద్యార్థిని తిన్నగా కమిటీ ముందుకు రాదు. ముందు హాస్టల్ మేట్రన్‌తోనో, వార్డెన్‌తోనో చెప్పుకుంటుంది. "ఆ వేళప్పుడు అక్కడికెందుకెళ్లావమ్మా? మీ నాన్నకు తెలిస్తే చదువు మాన్పిస్తాడు" అన్న మాట అక్కడే పడుతుంది. ఫిర్యాదు అక్కడే అణగిపోతుంది. ఆపైన, మా దగ్గర ఫిర్యాదులే లేవని యాజమాన్యం గొప్పలు చెప్పుకుంటుంది!

1997 విశాఖ తీర్పు, 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనలు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, స్త్రీలు పోరాడి తెచ్చుకున్నవి. సిబ్బందికి అవగాహన కల్పించే బాధ్యత సంస్థదేనని చట్టంలోనే ఉంది. చాలాచోట్ల జరిగేది మాత్రం ఏడాదికో సెమినార్, ఒక బ్యానర్, ఒక ఫోటో. ఆ హాల్లో మేట్రన్ కనిపించదు.

ఆమె నేర్చుకోవలసింది బ్రహ్మవిద్యేమీ కాదు. తీర్పు చెప్పకుండా వినాలి. ఫిర్యాదుకు 3 నెలల గడువుందని, తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చని చెప్పాలి. రాయలేకపోతే కమిటీయే సాయపడాలి. పోలీసుల దగ్గరికి వెళ్లడమా మానడమా అన్నది ఆ అమ్మాయి నిర్ణయం. వెళతానంటే సంస్థ తోడ్పడాలి. అత్యాచారమైతే ఆసుపత్రి వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలి.

అయితే 18 ఏళ్లు నిండని పిల్ల విషయం వేరు. డిగ్రీ మొదటి సంవత్సరంలో 17 ఏళ్లవాళ్లుంటారు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. దాచిన వార్డెన్‌కూ శిక్ష తప్పదు.

ఇంతకీ ఆ మేట్రన్ తరచుగా కాంట్రాక్టు మనిషి. ప్రొఫెసర్ పేరు పైకి చేరవేస్తే తన ఉద్యోగం పోదన్న హామీ ఆమెకు కావాలి. శిక్షణకు ముందే, రాతపూర్వకంగా.