అండమాను కంటె బందరే మేలు

ఈ సంవత్సరపు విజ్ఞాన విహారయాత్ర ఎక్కడికి అన్న ప్రశ్న తలెత్తగానే మన తరగతి గదులలో "అండమాను" అన్న మాట మారుమ్రోగింది. కొందరు లక్షద్వీపాలన్నారు. మాల్దీవులన్న ఒకరిద్దరిని తోటివారే నవ్వి కూర్చోబెట్టారు. యౌవనంలో ఉన్నవారికి సముద్రాన్ని చూడాలనే ఆకాంక్ష కలగడం సహజమే. తెల్లాపూరు, రామచంద్రాపురం, పటాన్‌చెరు పరిసరాలలో పుట్టి పెరిగిన మన పిల్లలలో అనేకులు నక్కవాగును చూచినవారే గాని సముద్రాన్ని చూచినవారు కారు. పరిశ్రమల వ్యర్థాలతో రంగు మారిన నీటిని చూచి పెరిగిన కన్నులు నీలిసముద్రాన్ని కలగనడంలో తప్పేమున్నది? అయినా మన యాత్ర దీవులకు గాక మచిలీపట్నానికి సాగాలని కళాశాల కమిటీ వారికీ, విద్యార్థి మిత్రులకూ మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రిందట నేను మరొక కళాశాలలో పనిచేస్తున్నప్పుడు ఇటువంటి దూరప్రయాణమే తలపెట్టారు. తరగతిలో సగం మంది పేర్లిచ్చారు. మిగిలిన సగంలో ఒక బాలుడు, ఎన్నడూ పాఠం తప్పనివాడు, తనకు జ్వరమని చెప్పి ఊరకున్నాడు. మేము తిరిగి వచ్చిన నాడు గ్రంథాలయంలో కనిపించాడు. జ్వరం తగ్గిందా అని అడిగితే తల దించుకొని, "అబ్బాకు ఈ నెల ఓవర్‌టైము దొరకలేదు సార్" అన్నాడు. వెళ్లి వచ్చినవారు ఛాయాచిత్రాలు చూచుకొంటూ ముచ్చటించుకొన్న పది పదిహేను రోజులూ అతడు వారి వరండా వైపు నడవలేదు. ఆ యాత్రకు ఖర్చు లేకుండా వెళ్లిన ఉపాధ్యాయులలో నేనూ ఒకడిని. ఆ సంగతి వ్రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉన్నది.

అండమానుకు ఓడలో పోదామంటే చెన్నై నుండి గాని, విశాఖపట్నం నుండి గాని దాదాపు మూడు రోజుల ప్రయాణం. రానూ పోనూ వారం రోజులు నీటి మీదనే గడచిపోతాయి. కనుక విమానమే శరణ్యం. పోర్ట్‌బ్లెయిరు పేరు 2024లో శ్రీ విజయపురమని మారిందే గాని టిక్కెట్టు ధర మారలేదు! ఒక విద్యార్థి విమానపు ఖర్చుతో నలుగురైదుగురు బందరు చూచి రాగలరు. లింగంపల్లిలో రాత్రి రైలెక్కినవాడు మర్నాటి ఉదయం బందరులో దిగుతాడు. రెండు రాత్రులు రైలులోను, ఒక పగలు ఊరిలోను గడిపి వస్తే చాలు. మన విద్యార్థినుల తల్లిదండ్రులు వారం రోజుల దీవుల ప్రయాణానికి ఒప్పుకొంటారా? ఒకరోజు యాత్రకైతే చాలామంది ఒప్పుకొంటారు. ఆడపిల్లల పేర్లు లేని యాత్రను కళాశాల యాత్ర అనడం నాకు సమ్మతం కాదు.

అండమానును నేను చిన్నచూపు చూడడం లేదు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను ఆంగ్లేయులు ఆ దీవులకే పంపారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. సెల్యులర్ జైలు పూర్తయిన 1906 నాటికి ఎంతో ముందటి మాట ఇది. ఆ మట్టిని చూడాలని ఎవరైనా అంటే నా వద్ద సమాధానం లేదు. కాని విద్యార్థులు నాకు చూపిన పట్టికలో నీటి అడుగున ఈత ఉన్నది, గాజు అడుగు పడవ ఉన్నది, మౌల్వీ సాహెబు మాత్రం లేడు.

ఇక బందరు సంగతి. "బందర్" అన్నది ఫారసీ మాట. రేవు అని అర్థం. ఉర్దూ శాఖ విద్యార్థులు ఊరి పేరులోనే తమ భాషను పలకరించవచ్చు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం అదే. మనం రోజూ బస్సులో దాటిపోయే ఈ గోల్కొండ ప్రాంతపు సరుకు బండ్ల మీద, ఎద్దుల మీద ఆ రేవుకు చేరి ఓడలెక్కేది. అక్కడి నుండి ఎర్రసముద్రానికి పోయే ఓడలలో బట్టల మూటలతో పాటు మక్కా యాత్రికులూ ఉండేవారు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అక్కడ దిగింది ఆ బట్టల కోసమే. ఆ అద్దకం బందరు సమీపంలోని పెడనలో నేటికీ సాగుతున్నది. కరక్కాయ, పటిక, చెక్క అచ్చులతో గుడ్డ మీద పూలతీగ ఎట్లా లేస్తుందో కన్నులారా చూచిన రసాయనశాస్త్ర విద్యార్థికి ఆ పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు. వాణిజ్యశాస్త్రం వారికి 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టిన ఊరు అది. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైపోయింది గాని, చిన్న పట్టణంలో బ్యాంకు ఎందుకు పుట్టిందన్న ప్రశ్న మిగిలే ఉన్నది. కొంత దూరంలోనే కూచిపూడి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అక్కడి నాట్యం చూచి ముగ్ధుడై ఆ గ్రామాన్ని కళాకారులకే దానమిచ్చాడని సంప్రదాయంగా చెప్పుకొంటారు. మన కళాశాలకు ఇంతకంటె చేరువైన కథ మరే దీవిలో దొరుకుతుంది?

దీవియే కావాలని పట్టుబట్టేవారికి దివిసీమ ఉన్నది. కృష్ణ పాయల నడుమ నిలిచిన ఆ భూమి పేరే దివి. పులిగడ్డ వద్ద నది దాటితే బస్సులోనే దీవికి చేరినట్లు. కాని అక్కడికి పోయేవారు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను గూర్చి చదువుకొని పోవాలి. వేలాది ప్రాణాలు ఒక్క రాత్రిలో నీటిపాలైన నేల అది. బందరు కూడా 1864 నవంబరు 1న సుమారు ముప్పది వేల మందిని పోగొట్టుకొన్నది. సముద్రమంటే పర్యాటక చిత్రపటమని భ్రమించేవారికి ఆ ఊరిలో పెద్దలు వేరే సంగతి చెబుతారు.

మంగినపూడి వద్ద నీరు నీలంగా ఉండదని, ఇసుకకు బదులు నల్లమట్టి ఉంటుందని ఒక విద్యార్థి నాతో వాదించాడు. నిజమే. ఛాయాచిత్రాలలో అది అండమానుకు సరిరాదు. అయితే నీరు చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది. ఈత రాని మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. అంతమాత్రాన ఏమరుపాటుగా లోనికి పోవచ్చునని నేను అనడం లేదు.

కమిటీ వారికి నా విన్నపం ఇది. తుపానుల కాలమైన నవంబరును విడిచి జనవరిలో యాత్ర పెట్టండి. పేర్లు అడగడానికి ముందే మొత్తం ఖర్చు గోడపై అంటించండి. కట్టలేనివారి పేర్లు ఉపాధ్యాయుల గదిలో మాత్రమే తెలియనివ్వండి. ఆ సొమ్ములో కొంత మా జీతాల నుండి ఇచ్చుకోవడానికి నేనూ, మరి ఇద్దరు మిత్రులూ సిద్ధంగా ఉన్నాము. విద్యార్థులు నల్లమట్టికి వెరవని పాతబట్టలు ఒక జత తెచ్చుకోవాలి. తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు ఎవరి డబ్బుతో వారే కొనుక్కోవాలి.