పసుపు దుంపకు లేని తాళం

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు వేసే రైతు విత్తనం కోసం ఏటా కంపెనీ గడప ఎక్కనక్కర్లేదు. తవ్విన పంటలోంచే మంచి దుంప ఏరి దాచుకుంటాడు, మిగిలితే పక్క చేను వాళ్లకు అమ్ముతాడు. జగిత్యాల పక్కన పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టిన వరి రకం జగిత్యాల సన్నాలు, అదే జేజీఎల్ 1798, సంగతీ అంతే. హైబ్రిడ్ కాదు గనుక పండిన వడ్లనే మళ్లీ నారు పోసుకోవచ్చు. ఇది అలవాటుగా వచ్చిన వెసులుబాటు మాత్రమే కాదు, చట్టం కూడా. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షను విత్తనాన్ని దాచుకునే, తిరిగి విత్తుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు రైతుకు రాసిచ్చింది. బ్రాండు పేరుతో సంచి కట్టి అమ్మకూడదన్నది ఒక్కటే అడ్డు. ఇక సిరిసిల్లలో సాంచా, అంటే మరమగ్గం, మొరాయిస్తే విప్పి చూస్తారు, అరిగిన పార్టును లేతు మిషను మీద చేయించి బిగిస్తారు. దాన్ని తయారుచేసిన కంపెనీ అనుమతి ఎవరూ అడగరు. ఆ కంపెనీ ఇప్పుడు ఉందో లేదో కూడా ఎవరికి కావాలి?

ఇలాంటి ఊళ్లలోనే కంప్యూటర్ ముందు కూర్చోగానే మనం వేరే మనుషులం అయిపోతాం. లోపలికి తొంగి చూడరాదు, మార్చరాదు, పక్కవాడికి ఇవ్వరాదు అన్న షరతులున్న సరుకును మారుమాట లేకుండా తెచ్చుకుంటాం. ఆ షరతులు లేని ఓపెన్ సోర్స్ అనగానే అదేదో అమెరికా ఇంజినీర్ల ఆదర్శం అనుకుంటాం గానీ, దాని పుట్టుక సిరిసిల్ల షెడ్డులో జరిగినా వింత లేదు. 1980 ప్రాంతంలో ఎంఐటీ ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ లేజర్ ప్రింటర్ ఒకటి వచ్చింది. కాగితం ఇరుక్కుంటే వాడేవాళ్లకు కబురు అందేలా పాత ప్రింటర్ ప్రోగ్రామును అక్కడివాళ్లు దిద్దుకున్నారు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని సోర్స్ కోడ్ చేతికి రాలేదు. అది ఉన్న మరో విశ్వవిద్యాలయ పరిశోధకుణ్ని ఎంఐటీ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి సంతకం పెట్టానన్నాడు. ప్రింటరు తమదే, బాగుచేసే చేతులూ ఉన్నాయి, విప్పే హక్కే లేదు. ఆ అసహనంలోంచే 1983లో గ్నూ ప్రాజెక్టు, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చాయి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ ఆ మరుసటి ఏడే ఆ లైసెన్సు కిందికి చేరింది. ఓపెన్ సోర్స్ అన్న పేరు 1998లో గానీ పుట్టలేదు. అంతకు ముందున్న ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అన్న పేరు విని వ్యాపారులు బెదరకుండా పెట్టుకున్న పేరది. ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కావడంతో వాళ్లకు ఆ తిప్పలు వచ్చాయి. తెలుగుకు ఆ గొడవ లేదు. హైదరాబాద్ కేంద్రంగా ఈ ఉద్యమం నడుపుతున్న సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకుంది, తెలుగులో కనబడే లినక్స్‌ను విద్యార్థుల చేత తయారు చేయించింది.

అయితే మాటలో లేని అయోమయం మన వాడుకలో ఉంది. క్రాక్ చేసిన కాపీ పెన్‌డ్రైవ్‌లో దొరుకుతున్నంత కాలం సాఫ్ట్‌వేర్ మనకు ఉచితమే. అందుకే తాళం వేసి ఉందన్న సంగతే తెలియదు. నా ఉద్దేశంలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మన చిన్న పట్టణాల్లో అసలు పోటీదారు ఖరీదైన లైసెన్సు కాదు, ఈ దొంగ కాపీయే. అది డబ్బు మిగులుస్తుంది, పరాధీనతను అలాగే ఉంచుతుంది. తెలుగు అక్షరాన్నే చూడండి. డీటీపీ షాపుల్లో పెళ్లి పత్రికల నుంచి కరపత్రాల దాకా ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టారు. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర అమరిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా ఆ ఫాంట్ల అమరిక వేరు. అందులో కొట్టిన పాఠాన్ని మామూలు ఫోన్లో అతికిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, గూగుల్‌లో వెతికితే దొరకదు. ఫాంటు దొంగ కాపీదైనా కొన్నదైనా ఫలితం ఒకటే. మరోవైపు గిడుగు, గురజాడ, రామభద్ర, మండలి, సురవరం ఫాంట్లు యూనికోడ్‌లోనే ఉన్నాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, వంపు నచ్చకపోతే మార్చుకోవచ్చు. మార్చిన ఫాంటును పంచేటప్పుడు మాత్రం అదే లైసెన్సు కింద పంచాలి.

ఆ చివరి షరతులోనే ఉద్యమపు తెలివంతా ఉంది, అది పైన చెప్పిన రైతు హక్కుల చట్టానికి కూడా అందలేదు. 30వ సెక్షను ప్రకారం నమోదైన రకాన్ని కొత్త రకం సృష్టికి ఎవరైనా వాడుకోవచ్చు. రైతులు కాపాడిన గుణం కంపెనీ హైబ్రిడ్‌లోకి చేరి, తల్లిదండ్రుల గుట్టు లోపలే ఉండిపోయి, ఏటా కొనాల్సిన సంచిగా తిరిగి రావచ్చు. జీపీఎల్ దానికి ఒప్పుకోదు: నాలోంచి తీసుకుని మార్చి పంచావా, నీ మార్పునూ విప్పి చూపించు అంటుంది.

ఓపెన్ సోర్స్ చెడిపోతే ఎవర్ని అడగాలి అన్నది గట్టి ప్రశ్న. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం, 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే లోపం బయటపడ్డప్పుడు, ప్రపంచమంతా ఆధారపడ్డ కోడును గుప్పెడు మంది, చాలావరకు స్వచ్ఛందంగా, మోస్తున్నారని తేలింది. ఇది సిగ్గుపడాల్సిన సంగతే. లాభం పెద్ద కంపెనీలది, చాకిరీ వీళ్లది. ఆండ్రాయిడ్ అడుగున లినక్స్ ఉన్నా మన ఫోన్ మన మాట వినదన్న విమర్శనూ కొట్టిపారేయలేం. కానీ మూసిన సరుకు భరోసా ఇస్తుందా? 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. లోపం ఎక్కడిదైనా రావచ్చు. తేడా ఏమిటంటే, తెరిచిన కోడులో దాన్ని చూసి దిద్దే అవకాశం ఏ ఊరి ఇంజినీరుకైనా ఉంటుంది. ఒకే గుమ్మం మీద ఆధారపడటం ఎలా ఉంటుందో సిరిసిల్లకు వేరే చెప్పాలా? 2024లో ప్రభుత్వపు బతుకమ్మ చీరల ఆర్డరు ఆగినప్పుడు సాంచాలు ఏమయ్యాయో వాటిని నడిపే ఆసాములకు తెలుసు.

మా పిల్లలకు ఉద్యోగాలు మూసిన సాఫ్ట్‌వేర్ మీదే కదా అనే తల్లిదండ్రులకు ఒకటే జవాబు: కేరళ ప్రభుత్వ బడులు పదిహేనేళ్లకు పైగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్పుతున్నాయి, అక్కడి పిల్లలు ఉద్యోగాలకు దూరమేమీ కాలేదు. తన కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌ను పక్కన పెడితే కారణం చెప్పాలన్న కేంద్ర ప్రభుత్వ విధానం 2015 నుంచీ ఉంది. ముందుగా చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. జిల్లా కార్యాలయాల ఉత్తర్వులు, పంచాయతీ తీర్మానాలు యూనికోడ్ ఫాంట్లలో రావాలి. పాత ఫైళ్లను మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. ఆ తప్పులు ఏరి ఆ ప్రోగ్రామును దిద్దడానికి కొండగట్టు దగ్గరి నాచుపల్లి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఒక సెమిస్టర్ ప్రాజెక్టు చాలు.