లేజర్ చెప్పిన చెట్టు ఎత్తును టేపుతో సరిచూడాల్సిందే

పై వీడియోలో సరుగుడు చెట్టు కొట్టి, నేల మీద పడుకోబెట్టి టేపు పట్టడం చూశారు కదా. "డ్రోన్‌తో లేజర్ స్కానింగ్ అయిపోయాక మళ్లీ ఈ టేపు పనేంటి బావా?" అని మా బావమరిది నవ్వాడు. వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నాను.

చెట్ల తోటలకు కార్బన్ డబ్బులు ఇప్పిస్తామని ఇప్పుడు కొందరు వస్తున్నారు. చెట్టు సైజును బట్టి బరువు కడతారు, బరువును బట్టి కార్బన్ కడతారు. పైనుంచి చూసే లేజర్‌కి మొదలు లావు సరిగా దొరకదు కాబట్టి భారమంతా ఎత్తు మీదే పడుతుంది. ఎత్తు తగ్గితే మన డబ్బు తగ్గినట్టే.

లేజర్ పైనుంచి కాంతి చుక్కలు వదులుతుంది. చెట్టు తలకు తగిలి తిరిగొచ్చిన టైము, నేలకు తగిలి తిరిగొచ్చిన టైము, ఈ రెండింటి తేడాలోంచి ఎత్తు వస్తుంది. టైము కొలవడంలో యంత్రం దిట్టే. తప్పు వచ్చేది వేరే రెండు చోట్ల.

ఒకటి, కొస. సరుగుడు కొస సూదిలా ఉంటుంది. చుక్క దాన్ని తప్పించుకుని కింది కొమ్మకు తగిలితే, అదే తల అనుకుంటుంది.

రెండు, నేల. ఇది మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకు ముఖ్యం. మనం నేలను ఖాళీగా ఉంచం. చెట్ల మధ్య జీలుగో, జనుమో, నవధాన్యాలో ఉంటాయి. దట్టమైన జీలుగలో చుక్క కిందికి దిగకపోతే జీలుగ తలనే నేల అనుకుంటుంది. అంత మేరా చెట్టు పొట్టిదైపోతుంది. నేలను బాగా చూసుకున్న రైతుకే నష్టం!

"వేల చెట్లు కొలుస్తాం, సగటులో సర్దుకుంటుంది" అంటారు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే సర్దుకుంటుంది. ఈ రెండు తప్పులూ తక్కువ వైపే లాగుతాయి. కాటాలో తేడా ఉంటే వంద బస్తాలు తూచినా తేడా పోదు, వంద రెట్లవుతుంది.

2006లో అమెరికా పరిశోధకులు విమానం లేజర్‌ను సరిచూశారు. సన్న కిరణంతో సగటున 0.73 మీటర్లు, వెడల్పు కిరణంతో 1.12 మీటర్లు తక్కువ చూపించింది. మన 10 మీటర్ల సరుగుడుకు 0.73 తగ్గితే 7 శాతం పోయినట్టే. ఇప్పటి డ్రోన్లు కిందగా ఎగిరి చుక్కలు దట్టంగా వేస్తాయి, తేడా తగ్గొచ్చు. తగ్గిందో లేదో కొలిస్తేనే కదా తెలిసేది?

అలాగని కింద నిలబడి కొలిచిందే నిజమనీ అనుకోవద్దు. చింత, మామిడి లాంటి గుబురు చెట్లలో మన వైపు వంగిన కొమ్మను కొస అనుకుంటే ఎత్తు ఎక్కువొస్తుంది. అందుకే ఎలాగూ కోతకొచ్చిన చెట్లతో సరిచూడటం మేలు.

పద్ధతి ఇది. పొట్టివీ పొడుగువీ, జీలుగ ఉన్న చోటివీ లేని చోటివీ కలిపి 20 చెట్లకు నంబర్లు వేయండి. స్కానింగ్ అయిన వారంలోనే కొట్టండి. సరుగుడు తొందరగా పెరుగుతుంది, ఆలస్యమైతే పెరుగుదల కూడా తేడాలో కలిసిపోతుంది. మోడు ఎత్తు కలపండి. పడేటప్పుడు కొస విరిగితే వెతికి అదీ కలపండి. ప్రతి చెట్టుకూ ఎక్కువా తక్కువా అన్నది విడిగా రాయండి.

నా మాట ఒక్కటే. "95 శాతం కచ్చితం" అన్న ముక్క చూసి సంతకం పెట్టొద్దు. చెట్టు చెట్టుకీ సరిచూసిన పట్టిక అడగండి. ఏ చెట్లు, ఏ నెల, కింద ఏ పైరు ఉంది అన్నది అందులో ఉండాలి. అది ఇవ్వలేని వాళ్లకు మన తోట ఇవ్వక్కర్లేదు.

వీడియోలోని చెట్టు రిపోర్టులో 9.4 మీటర్లు, టేపులో 10.1. ఒక్క చెట్టుతో తీర్పు చెప్పను. మిగతా 19 కూడా కొడుతున్నాం, లెక్క ఎటు తేలినా వచ్చే వీడియోలో పెడతాను.