ఎయిర్‌టెల్ పెరిగిన తొవ్వ.. మన రీఛార్జి దాక

బండి నంబర్ ప్లేట్ మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, టీఎస్ పోయి టీజీ వచ్చింది. కానీ మన జేబుల ఉన్న సిమ్ము మాత్రం ఇంకా ఆంధ్రప్రదేశ్‌ల్నే ఉన్నది. టెలికం శాఖ లెక్కల దేశం మొత్తం 22 సర్కిళ్లు. ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాక అంతా కలిపి ఒకటే సర్కిల్, దాని పేరు ఆంధ్రప్రదేశ్. రాష్ట్రం రెండైనా సర్కిల్ రెండు కాలె.

ఇదేదో కాగితాల ముచ్చట అనుకోకుండ్రి. ఫోన్ కంపెనీకి లైసెన్సు ఇచ్చేది సర్కిల్ లెక్కన, సిగ్నల్ నడిచే స్పెక్ట్రం అమ్మేది సర్కిల్ లెక్కన. ఒక కంపెనీ దేశమంతా ఎట్ల పాకిందో తెలుసుకోవాలంటే ఏ సర్కిల్ ఎప్పుడు చేతికొచ్చిందో చూస్తే చాలు. ఎయిర్‌టెల్ సంగతే తీసుకుందం.

సునీల్ మిట్టల్ భారతి కంపెనీ 1995ల ఢిల్లీల ఎయిర్‌టెల్ మొదలుపెట్టింది. అంతకుముందు ఆయన బీటెల్ పేరుతోటి బటన్ల ఫోన్లు అమ్మేటోడు. అదే ఏడు రాష్ట్రాల సర్కిళ్లకు వేలంపాట అయింది. పెద్ద పెద్దోళ్లు పోటీపడి ఆకాశమంత పాట పాడిండ్రు. భారతికి సెల్ లైసెన్సు దక్కింది ఒక్క హిమాచల్ ప్రదేశ్‌కే. మన సర్కిల్‌ల జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ అని ఇద్దరు దిగిండ్రు. ఒక్కో సర్కిల్‌కు ఇద్దరే అన్నది అప్పటి రూలు.

ఇద్దరే ఉంటే ఏమైతది? నిమిషానికి 16 రూపాయల దాక గుంజిండ్రు. ఫోన్ చేసినా పైసలే, ఎత్తినా పైసలే. గంత పిరం ఉంటే కొనేటోళ్లు ఎందరు? ఫోన్లు పట్టుకున్నోళ్లు తక్కువ, సర్కారుకు ఏటేటా కట్టాల్సిన ఫీజు ఎక్కువ. పాట పాడినోళ్లకు ఊపిరి ఆడలె. ఇగ లాభం లేదని 1999ల కేంద్రం కొత్త పాలసీ తెచ్చింది. పాట పాడిన ఫీజు బదులు ఆమ్దానీల వాటా కట్టుండ్రి అన్నది.

భారతి ఎదిగింది సరిగ్గ ఈ సందుల్నే. అలిసిపోయినోళ్ల సర్కిళ్లు ఒక్కొక్కటే కొనుకుంట పోయింది. 1999ల జేటీని కొని ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలకు వచ్చింది. 2000ల చెన్నై స్కైసెల్. 2001ల కలకత్తా స్పైస్ సెల్. దేశంల మొట్టమొదటి సెల్ ఫోన్ కాల్, 1995 జులై 31న జ్యోతిబసు మాట్లాడింది, ఆ కలకత్తా నెట్‌వర్క్ నుంచే. అంటే చరిత్రల మొదటి కాల్ వేరేటోళ్లది, ఆ నెట్‌వర్క్ మాత్రం చివరికి ఎయిర్‌టెల్‌ది అయింది. 2001ల్నే నాలుగో లైసెన్సుల వేలంల ఇంకో ఎనిమిది సర్కిళ్లు పట్టింది. 2004ల హెక్సాకామ్‌తోటి రాజస్థాన్‌ల కాలు పెట్టింది.

మరి ఊర్లకు ఫోన్ ఎట్ల వచ్చింది? కంపెనీల దయతోటి కాదు, పోటీతోటి వచ్చింది. 2002ల బీఎస్ఎన్ఎల్ సెల్ సేవలు మొదలైనయ్, మన సర్కిల్‌కు హచ్ వచ్చింది. 2003ల రిలయన్స్ 501 రూపాయలకే చేతుల ఫోన్ పెట్టింది. అదే ఏడు ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. 2009ల టాటా డొకొమో సెకన్‌కు పైసా అన్నది, అందరూ అదే బాట పట్టిండ్రు. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేసే కాలం, పది రూపాయల రీఛార్జి కాలం అది. మీ అన్నలను అడుగుండ్రి, చెప్తరు.

ఎయిర్‌టెల్ తెలివి కూడ ఒప్పుకోవాలె. నెట్‌వర్క్ నడిపే పని ఎరిక్సన్ అసొంటోళ్లకు, కంప్యూటర్ల పని ఐబీఎంకు అప్పజెప్పి ఖర్చు తగ్గించుకున్నది. 2007ల వొడాఫోన్, ఐడియాతోటి కలిసి ఇండస్ టవర్స్ పెట్టింది. ఒక్కటే టవర్ మీద రెండు మూడు కంపెనీల డబ్బాలు కనిపించేది అందుకే. అదే ఏడు ఇఫ్కోతోటి కలిసి రైతుల సిమ్ముకు వానల ముచ్చట్లు, మార్కెట్ ధరలు గొంతుతోటి పంపే ఏర్పాటు చేసింది. ఊరోడికి తక్కువ ధరకే ఎక్కువ నిమిషాలు అమ్మాలె, లాభం మంది మీద రావాలె. అప్పటి లెక్క అది. అదే లెక్కతోటి 2010ల 1,070 కోట్ల డాలర్లకు జైన్ కంపెనీ ఆఫ్రికా వ్యాపారం కొని ఒక్కసారే 15 దేశాలకు పోయింది. ఆ అప్పు దించుకునేతందుకు మస్తు ఏండ్లు పట్టింది.

2016ల జియో వచ్చినంక కథ తిరగబడ్డది. చిన్న కంపెనీలు నిలవలేకపోయినయ్. ఎయిర్‌సెల్ మూతపడ్డది. మన దగ్గర కూడ నడిచిన టెలినార్‌ను, టాటా సెల్ సేవలను ఎయిర్‌టెలే కలుపుకున్నది. వొడాఫోన్, ఐడియా ఒక్కటైనయ్. గిప్పుడు మిగిలింది ముగ్గురు ప్రైవేటోళ్లు, ఒక సర్కారు కంపెనీ. గండ్ల గట్టిగ నిలబడ్డది ఇద్దరే. 1995ల ఇద్దరు, తిరిగి తిరిగి మళ్ల ఇద్దరు.

ధరలు చూడుండ్రి. 28 రోజులు సిమ్ము బతకాలంటే ఎయిర్‌టెల్‌ల 2021 మొదట్ల 49 రూపాయలు చాలు. అదే ఏడు జులైల 79, నవంబర్‌ల 99. 2023 వచ్చేసరికి మన సర్కిల్‌ల 155, అది కూడ 24 రోజులకే. 2024 జులైల 179 ఉన్నది 199 అయింది. మూడేండ్లల నాలుగింతలు! కంపెనీకి ఒక్కో కస్టమర్ మీద నెలకొచ్చే ఆమ్దానీ 2021 జూన్ నాటికి 146 రూపాయలు, 2024 డిసెంబర్ నాటికి 245. అది 300 కావాలన్నది కంపెనీ పెద్దల మాట. మొదట్ల కొత్త సర్కిల్‌తోటి పెరిగిన్రు, తర్వాత కొత్త ఊర్లతోటి పెరిగిన్రు, గిప్పుడు పాత కస్టమర్ జేబుతోటే పెరుగుతున్నరు.

2022 వేలంల 5జీ స్పెక్ట్రంకే 43 వేల కోట్లు పెట్టినం, ధర పెంచకుంటే ఎట్ల అంటది కంపెనీ. అది వాళ్ల లెక్క. ఇంట్ల ఐదు సిమ్ములుంటే మన లెక్క 28 రోజులకు 995. వాళ్ల నెలకు 28 రోజులే కాబట్టి ఏడాదికి పదమూడు రీఛార్జిలు, మొత్తం 12,935 రూపాయలు. రెండు ఎకరాల కౌలు చేసేటోనికి ఇది చిన్న ఖర్చు కాదు.

2024 జులైల జనం కోపం చూపెట్టిండ్రు. ఆ ఒక్క నెలల్నే బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది పెరిగిండ్రు, ఎయిర్‌టెల్‌కు 17 లక్షల దాక తగ్గిండ్రు. నవంబర్ వచ్చేసరికి బీఎస్ఎన్ఎల్‌కు కూడ మంది తగ్గిండ్రు. 4జీ లేకుంటే పోరగాళ్లు ఎన్ని రోజులు ఆగుతరు? లాభం రాని గూడేలకు, తండాలకు టవర్ వేసే పని మాత్రం బీఎస్ఎన్ఎల్ నెత్తిన్నే ఉన్నది. 24,680 ఊర్లకు 4జీ ఇయ్యాలని 2022ల కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసి ఆ కంపెనీకే అప్పజెప్పింది. దాని దేశీ 4జీ మొదలైంది 2025 సెప్టెంబర్‌ల. ప్రైవేటోళ్లకంటే దాదాపు పదేండ్లు ఎనుక.

అప్పటిదాక ఒక చిన్న తొవ్వ ఉన్నది. నెట్ వాడనోళ్లకు నెట్ పైసలు ఎందుకని ట్రాయ్ 2024 డిసెంబర్‌ల గట్టిగ చెప్పింది. కాల్స్, మెసేజ్‌లకే వేరే ప్యాక్ పెట్టాలన్నది. 2025 జనవరిల ఎయిర్‌టెల్ 84 రోజులకు 469 ప్యాక్ తెచ్చింది. 199ది మూడుసార్లు చేయిస్తే 597 అయితది. అవ్వ చేతుల బటన్ల ఫోనే ఉంటే 128 రూపాయలు మిగిలినట్టే. ధరలు ఎప్పుడు మారుతయో చెప్పలేం, చేయించే ముందు ఒకసారి చూసుకోండ్రి. షాపుల మాత్రం మీరు అడగాలె, వాళ్లంతట వాళ్లు చెప్పేది తక్కువ.